మూడో పూత

కుండలు కాల్చే మా ఆవం గోడకు ఈసారి మూడు పూతలు మెత్తాను. బంకమట్టిలో ఊక, పేడ కలిపి, ఒక పూత ఆరాక ఇంకొకటి. పోయిన విడత సముద్రపు గాలికి గోడ బీటలిచ్చి, వేడంతా బయటికి పోయి, సగం కుండలు పచ్చిగానే మిగిలాయి. సత్తు గిన్నెలొచ్చాక అసలే అడిగేవాళ్లు తగ్గారు. మళ్లీ అట్లాగే అయితే ఏం తింటామని నా దిగులు.

"మూడు పూతలెందుకే, ఆవానికేమన్నా చలేస్తందా?" అని మా ఆయన ఎగతాళి చేశాడు.

పూత నిలిచిందో లేదో చూడడానికి మా కుమ్మర్లకు ఒక పద్ధతి ఉంది. మంట బాగా అందుకున్నాక గోడకు అరచెయ్యి ఆనించి ఇరవై లెక్కపెట్టాలి. చెయ్యి ఓర్చుకుంటే వేడి లోపలే ఉన్నట్టు.

ఆయన చెయ్యి ఆనించి లెక్క మొదలుపెట్టాడు. ఇరవై దాటినా ఆపలేదు.

"చూడు చెంచమ్మా, చల్లంగా ఉండాది. నలభయ్యేండ్లలో ఇట్టాంటి పూత చూళ్లేదు. ఇంక నీ బయం కాలవలో పారెయ్."

నాకు ప్రాణం లేచివచ్చింది. పక్కనే నేనూ చెయ్యి పెట్టాను. మూడు లెక్కపెట్టేలోపే చుర్రుమంటే లాక్కున్నాను.

ఆయన చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది. మణికట్టు పట్టుకుని తీశాను. అరచెయ్యంతా బొబ్బలు. పెద్దరోగం, అదే కుష్ఠు, మొదట స్పర్శనే తీసుకుపోతుందని మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

ఆయన చూడకుండా ఆ చేతిని నా రెండు చేతుల్లో మూసుకున్నాను.

"చల్లంగానే ఉండాది గదా?" అన్నాడు నవ్వుతూ.

"చల్లంగానే ఉండాది" అన్నాను.