పక్కన పెట్టి చూసిన నెత్తురు

"మొన్న వణికావు, నిన్న గెంతావు, ఇవాళ మళ్ళీ వణుకా? జ్వరం రోజు మార్చి రోజు డ్యూటీకొస్తుందారా?" అన్నాడు మా మెకానిక్ షెడ్డు ఓనరు. "నాకూ ఒళ్ళు నొప్పులే, నేను పడుకున్నానా? పద ల్యాబ్‌కి. నాటకమని తేలితే పనిలోంచి పీకేస్తా."

దుప్పటి కప్పుకుని ఓనరు వెంట వెళ్ళాను. ల్యాబ్ అక్క నా నెత్తురు చుక్క తీసి చూసింది. "మలేరియానే అన్నా. దోమ ఎక్కించిన క్రిములు ఎర్రకణాల్లో దూరి పిల్లల్ని పెడతాయి. అన్నీ ఒకేసారి కణాల్ని పగలగొట్టుకుని బయటికొస్తాయి. వణుకు అప్పుడే. మళ్ళీ కొత్త కణాల్లో దూరాక కాస్త హాయిగా ఉంటుంది."

"అలా నమ్మను," అన్నాడు ఓనరు. "మేం పాడైన పార్టు పక్కన మంచిది పెట్టి చూస్తాం. నా నెత్తురూ తియ్యి."

తీసింది. ఓనరు ఒక కన్ను మూసి మైక్రోస్కోపులో నాది చూశాడు, తనది చూశాడు, మళ్ళీ నాది చూశాడు. తొడ చరిచాడు.

"దొరికాడు దొంగ! రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి. వీడికి ఏ రోగమూ లేదు!"

నా పని పోయిందనుకున్నాను. అక్క కూడా వంగి చూసింది.

"నిజమే అన్నా, రెండూ ఒకేలా ఉన్నాయి. ఇద్దరూ డాక్టరు గదిలోకి పదండి."

ఓనరు నా పక్కనే బెంచీ మీద కూలబడ్డాడు.

"ఒరేయ్, ఆ దుప్పట్లో సగం ఇటివ్వు."