పన్నెండడుగుల జెండా

జెండా తలకిందులుగా ఎగిరింది.

ఖరగ్‌పూర్ స్టేషన్లో, ఆగస్టు పదిహేను పొద్దున, నాలుగు వందల మంది చూస్తుండగా ఆకుపచ్చ పైకీ కాషాయం కిందికీ వచ్చి రెపరెపలాడింది. కట్టిందీ తాడు లాగిందీ ఒక్కడే, మెయిలు డ్రైవరు సింహాచలం. జనం గుసగుసలాడుతున్నా, సెల్యూట్ చేసిన చెయ్యి అందరికన్నా ఆఖరున దించింది కూడా అతనే.

ఆ ఊరికి ఉన్న గొప్ప ఒక్కటే. ప్రపంచంలోకెల్లా పొడుగు ప్లాట్‌ఫారం తమదేనని ఊరంతా చెప్పుకుంటారు. ఉప్పు కొనడానికి వచ్చిన కొత్త మనిషికి కూడా ఆ సంగతి చెప్పందే గోల్‌బజార్ కొట్లవాళ్లు పొట్లం కట్టరు. అంత ప్లాట్‌ఫారానికి జానెడు జెండా ఏమిటని, పందొమ్మిదివందల యాభై ఎనిమిదిలో దర్జీ చేత పన్నెండడుగుల జెండా కుట్టించారు. కలకత్తా పేపరువాళ్లను పిలిచారు. ముప్పై అయిదేళ్ల సర్వీసులో మచ్చ లేని మనిషని సింహాచలానికి ఎగరేసే గౌరవం ఇచ్చారు. తీరా చూస్తే ఊరి పరువు గంగలో కలిసింది.

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. కింద రాసిన ముక్క చురకలా ఉంది. ఫొటో మాత్రం నలుపు తెలుపు. సింహాచలం దాన్ని చాలాసేపు చూసి, మడిచి తలగడ కింద పెట్టుకున్నాడు.

కావాలనే అవమానం చేశాడని తేలితే ఉద్యోగం ఊడుతుంది. పదహారో ఏట బొగ్గు కొట్టడానికి ఇంజనెక్కిన మనిషి. దిగి బతకడం అతనికి తెలియదు.

విచారణకు ఆఫీసు పెద్ద రాధాకృష్ణమూర్తిగారు కూర్చున్నారు. తెలుగాయన, మెత్తనివాడు. సింహాచలం కావాలని చేయడని ఆయనకు తెలుసు. అలసటేమో, ఒంట్లో నలతేమో, డాక్టరు దగ్గర ఒక కాగితం తెచ్చుకుంటే కేసు అక్కడితో సరి అని దారి కూడా ఆయనే చూపించారు.

అంత మంచి దారి చూపిస్తే ఊపిరి పీల్చుకోవాల్సింది పోయి, సింహాచలం చేతులు పిసుక్కున్నాడు.

"ఒంట్లో ఏటీ లేదు బాబూ. తాగినాను."

రాధాకృష్ణమూర్తిగారు కలం కింద పెట్టేశారు. సింహాద్రి అప్పన్న భక్తుడు, శనివారం ఒంటిపూట, భజనలో ముందుండే గొంతు. కల్లు వాసన తగిలితే పక్క వీధిలోంచి పోయే మనిషి. ఇలాంటివాడు తాగాడంటే ఎవరు నమ్ముతారు?

"రెస్టులో ఉన్నాను బాబూ. డ్యూటీ మీద ఏనాడూ ముట్టలేదు. అలాగే రాసుకోండి," అని సింహాచలం తొందరపెట్టి మరీ సంతకం చేశాడు. రెస్టు రోజున తాగినవాడికి చీవాట్లు పడతాయి గాని బండి పోదు.

అతను నిమ్‌పురా క్వార్టర్సు చేరేలోగానే కబురు చేరింది. భజన గోష్ఠివాళ్లు వచ్చి అతను వాయించే తాళాలు అడిగి పట్టుకుపోయారు. భార్య నూకాలమ్మ రెండు రోజులు కంచం అతని ముందు పెట్టి వంటింట్లోకి పోయింది. మూడోనాడు ఏడ్చేసింది.

"ముప్పై ఏళ్ల కాపరంలో నానెరగని వాసన, ఊరికెలా తెలిసినాదయ్యా?"

సింహాచలానికి మింగలేక కక్కలేక ప్రాణం మీదికొచ్చింది. భజన పోయింది, పరువు పోయింది, ఇంటిదాని నమ్మకం కూడా పోయింది. పోతే పోనీ, బండి ఒక్కటి దక్కితే చాలనుకున్నాడు.

తీర్పు రోజు రాధాకృష్ణమూర్తిగారు తలుపు మూయించి, అతన్ని దగ్గరికి పిలిచారు. తనకంతా అర్థమైందన్నారు. రెండేళ్లుగా సింహాచలం ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ సమూయేలు కూడా ఆ పొద్దున జెండా కర్ర పక్కనే ఉన్నాడు. పిల్లలు గలవాడు, ప్రమోషన్ దగ్గర పడ్డవాడు. జెండా కట్టింది వాడే అయ్యుంటాడు, వాణ్ని కాపాడటానికే ఈ తాగుడు కథ అని ఆయన లెక్క.

"సమూయేలుని నీ బండి మీంచి తీసి యార్డులో వేస్తాను. నాలుగు రోజుల్లో నిజం వాడే చెబుతాడు," అన్నారు.

సింహాచలం వంగి ఆయన కాళ్లు పట్టుకున్నాడు. యాభై దాటిన మనిషి చిన్నపిల్లాడిలా వెక్కాడు.

"ఆడికేటీ తెలీదు బాబూ. నా సర్వీసు బుక్కులో ఏటైనా రాసుకోండి. ఆడిని మాత్రం నా పక్కనుంచి తీయకండి. ఆడు లేకపోతే నాను బండి నడపలేను."

రాధాకృష్ణమూర్తిగారి కళ్లు చెమర్చాయి. కన్నకొడుకు కోసం కూడా ఇంతగా తలవంచే తండ్రిని ఆయన చూడలేదు. గట్టిగా మందలించినట్టు ఒక ముక్క రాసి కేసు మూసేశారు. ఈ ఇద్దరినీ విడదీయవద్దని కింద తన చేత్తోనే మరో ముక్క రాశారు.

మరుసటి వారం మెయిలు బాలాసోర్ దాటి ఖరగ్‌పూర్‌కి వస్తోంది. సందె చీకటి పడుతోంది. వెనక పెట్టెల్లో ఆరేడు వందల మంది, పొడుగు ప్లాట్‌ఫారం వచ్చేస్తోందని పిల్లలకు చెబుతూ సామాన్లు సర్దుకుంటున్నారు. దూరాన సిగ్నలు దీపం కనబడింది. దీపం కనబడగానే ఫైర్‌మన్ రంగు పేరు కేక వేయాలి, డ్రైవరు అదే మాట తిరిగి కేక వేయాలి. అది రూలు.

రెండేళ్లుగా ఎరుపేదో ఆకుపచ్చేదో పోల్చుకోలేకపోతున్న సింహాచలం, ఎప్పటిలాగే ఆ దీపం కేసి కాకుండా సమూయేలు నోటి కేసి చూశాడు.