సేటు టెంటు

నాగేశ్వర్ సేటు ఈసారి కూడా గుడారాన్ని వంకరగానే కట్టాడు. ఒక మూల తాడు బిగించేసరికి రెండో మూల మేకు ఊడివచ్చింది. గుడిసె ముందు నిలబడి చూస్తున్న సోనుబాయి ఇక ఆగలేక మొగుణ్ని కేకేసింది.

"పోయి జర పట్టరాదు. గాలొస్తే టెంటు ఆయన మీదనే కూలుతది."

భీము వెళ్లి రాయితో మేకులు దిగ్గొట్టాడు.

అంకిస ఊరు దాటాక అడవిలో మట్టిదారి పట్టి చాలా దూరం పోతే వచ్చే చెరువు అది. కరెంటు లేదు. ఫోన్ మోగదు. చలికాలం వస్తే ఊళ్ల నుంచి జనం వచ్చి గట్టు మీద గుడారాలు వేసుకుంటారు. వాళ్లకు కట్టెలు తెచ్చివ్వడం, నీళ్లు మోయడం, ఇంత వండి పెట్టడం భీము దంపతుల బతుకుదెరువు.

సిరోంచలో బట్టల దుకాణం నడిపే నాగేశ్వర్ ఒకప్పుడు కొడుకు మయూర్‌ను, వాడి స్నేహితులను వెంటేసుకుని వచ్చేవాడు. వాళ్ల కేరింతలకు అవతలి ఒడ్డున కొంగలు లేచిపోయేవి. చెరువులో ఆ ప్రమాదం జరిగిన తర్వాత ఏటా అదే రోజున ఒక్కడే వస్తున్నాడు. బస్సు దిగి నడిచి వస్తాడు. ఒక రాత్రి పడుకుని వెళ్లిపోతాడు.

ఈ ఏడు అతను రాకుంటే బాగుండునని సోనుబాయి పొద్దున అనుకుంది. పొద్దు వాలేసరికి దారి వైపే చూస్తూ కూర్చుంది.

"గోదావరమ్మను తోలుకరాకపోతివి?" గుడారం నిలబడ్డాక అతని భార్య గురించి అడిగింది.

"రాదు చెల్లె. ఈ చెరువు మొఖం సూడలేనంటది. మా ఇంట్ల ఎవ్వరూ దీని పేరే ఎత్తరు."

సేటు చేపలు ముట్టడు. అందుకే అతని కోసం చింతపండు వేసి కందిపప్పు వండింది. మోదుగాకు విస్తరిలో అన్నం పెట్టి గుడారం దగ్గరికి తీసుకువెళ్లింది. నాగేశ్వర్ ముద్ద కలిపాడు. నోటిదాకా తెచ్చి మళ్లీ విస్తరిలోనే పెట్టేశాడు.

"నీ చేతి బువ్వ గొంతు దిగుత లేదు చెల్లె."

"దిగకుంటే ఎట్ల? నిరుటికి ఇప్పటికి సగమైనవ్. తిను."

"పిల్లగాండ్లు ఈతకు పోతమంటే నేనే పొమ్మన్న. లోతెంతున్నదో భీమన్నను ఒక్క మాట అడగలే. మయూర్‌కు ఈత సరిగ రాదని నాకెరుకే."

"ఎవరి కొడుకో నీళ్లకేం తెలుస్తది సేటు? నువ్వు కావాలని పంపినవా? ఇగ ఊకో. ఏడిస్తే పోయినోడు వస్తడా?"

అంటూనే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

గుడిసెలో పడుకొమ్మన్నా సేటు వినలేదు. చలికి వణుకుతూ ఆ గుడారంలోనే పడుకున్నాడు.

తెల్లవారింది. నీళ్ల మీద మంచు ఇంకా విడలేదు. ముగ్గురూ గట్టు దిగారు. నాగేశ్వర్ సంచిలోంచి బంతిపూలు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్కటే నీళ్లలోకి వదిలాడు. భీము తల ఎత్తలేదు. ఆ ప్రమాదం తర్వాత అతను ఈ చెరువులో వల వేయలేదు. చేపల కోసం ఎక్కడో ఉన్న వాగు దాకా నడిచి పోతున్నాడు.

"మీరిద్దరు సిరోంచకు వచ్చేయరాదు భీమన్నా," అన్నాడు నాగేశ్వర్. "దుకాణం ఎనక అర్ర ఖాళీగనే ఉన్నది. ఈడ ఏమున్నదని?"

"చెరువును ఇడిసి ఎట్లొస్తం సేటు?"

నాగేశ్వర్ ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకున్నాడు.

అప్పుడు అడవిలోంచి జీపు చప్పుడు వినిపించింది. దుమ్ము లేపుకుంటూ వచ్చి, గట్టుకు దూరంగా చెట్ల కింద ఆగింది. దాన్ని చూడగానే నాగేశ్వర్ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"నేను రమ్మనలే," అన్నాడు. "ఒట్టు చెల్లె, నేను రమ్మనలే."

జీపు నడుపుకుంటూ వచ్చిన కుర్రాడు దిగలేదు. స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. భీము ఉన్నచోటే ఉండిపోయాడు. సోనుబాయి మాత్రం చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని గట్టెక్కింది. జీపు దగ్గరికి వెళ్లి అద్దం మీద తట్టింది. అద్దం దిగింది.

మాసిన గడ్డం. లోతుకు పోయిన కళ్లు. ఆమె ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి లోపలికి చాపి అతని తల మీద పెట్టింది.

"దిగిరా మయూర్ బిడ్డా, నా కొడుకు నిలేష్ నిన్ను ఒడ్డుకు నెట్టి తాను మునిగింది నువ్వు గిట్ల బండిల మొఖం దాసుకొని కూసునేతందుకా?"