మామూలు ఆయిల్

అవతల కౌశిక్ ఫోన్ ఎత్తగానే పాపయ్య దాచకుండా చెప్పేశాడు. నిన్న కారుకు పోసింది సింథటిక్ ఆయిల్ కాదు. అది అయిపోవడంతో, అదే పలచదనంలో ఉన్న ముడిచమురు నుంచి తీసిన మామూలు ఆయిల్ పోసి పంపాడు. ఈ పొద్దు సరుకొచ్చింది. బండి తెస్తే ఊరికే మార్చిస్తానన్నాడు.

ప్రొద్దుటూరులో ఏళ్ల తరబడి మెకానిక్ షెడ్డు నడుపుతున్నా, ఇలాంటి పని అతను ఎప్పుడూ చేయలేదు. చేసినప్పటి నుంచీ మనసు మనసులో లేదు.

కౌశిక్ కోప్పడలేదు. మార్చకపోతే ఏమవుతుందని మాత్రం అడిగాడు.

"సింథటిక్ అయితే ఎంత పలచగున్నా వేడికి తట్టుకుంటాది సార్. మామూలుది ఆవిరైపోతాది. ఈ ఎండల్లో దూరం పోతే ఇంజన్ పట్టేసినా పట్టేస్తాది."

"దోవలో నిలబడిపోతాదా?"

"పోవచ్చు సార్. పట్టేసిందంటే ఇంజన్ విప్పి బాగుచేసేదాకా మళ్లీ స్టార్ట్ కాదు. ఆలస్యం చేయొద్దండి."

తెస్తానన్నాడు కానీ తేలేదు. పాపయ్య మళ్లీ గుర్తుచేస్తే, బట్టలంగడిలో తీరిక లేదన్నాడు.

ఆదివారం కౌశిక్, భార్య పల్లవి పులివెందుల అవతలున్న తమ చీనీతోటకు వెళ్లారు. తోటలో పల్లవిని పాము కరిచింది. ఆమెను కార్లో పడుకోబెట్టుకుని కౌశిక్ ఆసుపత్రికి బయలుదేరాడు. ఫోన్ కూడా కలవని చోట కారు ఆగిపోయింది. మండుటెండలో ఆ దోవన నరమానవుడు లేడు. చాలాసేపటికి ఒక లారీ వచ్చి ఆగింది. అప్పటికే పల్లవి ఒళ్లు చల్లబడింది.

దహనమైన మరునాడు కారును ట్రాక్టరుతో లాక్కొచ్చి షెడ్డు ముందు వదిలారు. బజారంతా మూగింది. కౌశిక్ అరవలేదు.

"ఏం నూనె పోసినావో అందరికీ నువ్వే చెప్పు పాపయ్యా."

పాపయ్య చెప్పాడు. ఒక్క ముక్క కూడా దాచలేదు.

పల్లవి తల్లి గౌరి జమ్మలమడుగు నుంచి వచ్చి ఉంది. ఆమె చంకలో పల్లవి కూతురు సహస్ర, అమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉంది.

"నా బిడ్డ నీకేం చేసిందప్పా?" అంది గౌరి.

పాపయ్య ఆమె కాళ్ల మీద పడ్డాడు. ఎవరో వెనక నుంచి తన్నారు. ఇంకెవరో ఇనుపరాడ్డుతో కుడిచేయి విరగ్గొట్టారు. అతను అడ్డుకోలేదు. పోలీసుల దాకా పోదామని కొందరంటే కౌశికే వద్దన్నాడు. పోయిన మనిషి తిరిగి రాదన్నాడు. ఆ మాటకు చాలామంది కండ్లు తుడుచుకున్నారు.

"ఈ బండి నాకొద్దు," అని తాళం పాపయ్య ముందు పడేశాడు కౌశిక్. "దినామూ నీ కండ్లెదురుగా ఉండనీ."

ఆ తర్వాత షెడ్డు వైపు ఎవరూ రాలేదు. ఇంట్లో భార్య రుక్మిణి కూడా అతనితో మాట్లాడటం మానేసింది. పాపయ్య కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని ఆ కారును చూస్తూ కూర్చునేవాడు. ఇక జన్మలో స్పానర్ ముట్టకూడదనుకున్నాడు. ముట్టడం మానేముందు, తను పోసిన నూనె ఇంజన్ లోపల ఏం చేసిందో ఒక్కసారి తన కళ్లతో చూడాలనిపించింది.

కారును షెడ్డులోకి నెట్టాలంటే ముందు తాళం కొంచెం తిప్పి, లాకైన స్టీరింగును వదిలించాలి. వెనక సీటు వైపు చూడలేక, తల వంచుకుని లోపల కూర్చున్నాడు. అలవాటు లేని ఎడమచేత్తో తిప్పేసరికి తాళం ఇంకొంచెం ముందుకు తిరిగింది.

ఇంజన్ కొత్తదానిలా మెత్తగా నడవసాగింది.