దుప్పులకు బయటి సంబంధం

మనుషుల పెళ్ళిళ్ళను ఫోన్లే కుదిర్చెయ్యడం మొదలయ్యాక, సంబంధాలు చూసే రాజ్యలక్ష్మికి పని పోయింది. ఆమె అడవిశాఖలో దుప్పులకు సంబంధాలు చూసే ఉద్యోగంలో చేరింది. చుట్టూ పెద్ద రోడ్లు పడటంతో ఏ కొండ దుప్పులు ఆ కొండకే మిగిలిపోయాయి. ఆమె చూసుకునే కొండ మీదివన్నీ అందగాడైన ఒకే పోతుదుప్పి సంతానం.

"అన్నీ ఒకింటి పిల్లలే సార్. ఒకదానికి జ్వరమొస్తే అన్నీ పడకేస్తాయి," అని చెప్పి, పక్క కొండ నుంచి ఒక పోతుదుప్పిని వ్యానులో తెచ్చింది. దానికి ఒక చెవి వేలాడుతోంది.

అధికారి త్రివిక్రమరావు మొహం చిట్లించాడు. "ఇదేం పెళ్ళికొడుకమ్మా? చూడ్డానికొచ్చినవాళ్ళు నవ్విపోరూ? తిప్పి పంపెయ్."

రాజ్యలక్ష్మికి మనసొప్పలేదు. కొండ దాటకముందే తమ అడవిలోనే వ్యాను తలుపు తీసి దాన్ని వదిలేసింది. సంగతి తెలిసి అధికారి ఆమెను గేటు దగ్గర టిక్కెట్లు చింపే పనిలో వేశాడు.

మూడో ఏడు వానల్లో జ్వరం రానే వచ్చింది. దుప్పులు ఎక్కడివక్కడే కూలబడ్డాయి. రాజ్యలక్ష్మి ఏడుస్తూ, మందు పట్టుకుని కొండంతా తిరిగింది. వాగు ఒడ్డున మాత్రం చెవి వేలాడే పిల్లలు పాతిక దాకా నింపాదిగా గడ్డి మేస్తున్నాయి.

వెనకే వచ్చిన త్రివిక్రమరావు వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు.

"పక్క కొండలో ఇంకేమున్నాయమ్మా?"

"తోక లేనిదొకటుంది సార్. మెల్లకన్ను కూడా. బంగారంలాంటి సంబంధం."

"మరి మంచి రోజు చూడాలా?"

"మనవాళ్ళకంత తీరిక లేదు సార్," అంటూ ఆమె కళ్ళు తుడుచుకుని వ్యాను తాళాల కోసం చెయ్యి చాపింది.