అరల వెనక గొంతు

"ఏమ్మా, అది సంచీయా, నవలా? అరగంట నుంచి వదలకుండా చదువుతున్నారు!"

పెట్ షాపు ఓనరు కేకకి షాపంతా నవ్వింది.

చివరి అర దగ్గర బూడిదరంగు టోపీ పెట్టుకున్నావిడ తలెత్తలేదు. భూతద్దం పట్టుకుని, కుక్కల తిండి సంచీ వెనక చీమకాళ్ళంత అక్షరాలు చదువుకుంటోంది.

ఓనరు ఆవిడకి లేబులమ్మ అని పేరు పెట్టాడు. అందరూ లేబుల్ చూసి కొంటారు, ఈవిడ లేబుల్ చూసి మానేస్తుంది.

అతను కొట్టు పెట్టాడే గానీ ఎవర్నీ కొట్టే రకం కాదు. మాటలతోనే సరిపెడతాడు.

అంతలో గడియారాల మాస్టారు వచ్చారు. నలభై ఏళ్ళు లోకానికి టైము సరిచేశాక, ఆయన చూపు ఆగిపోయింది. ఇప్పుడు ఆయనకి దారి చూపేది దొర. మనిషి కాదు, కుక్క. దాని ఒంటి పట్టీకున్న పిడి మాస్టారి చేతిలో ఉంటుంది, మాస్టారి ప్రాణం దాని కళ్ళల్లో ఉంటుంది.

"రెండేళ్ళయిందయ్యా, నా మోకాలికి ఒక్క గీత పడనివ్వలేదు!" అన్నారు ఛాతీ విరుచుకుని. "ఎప్పటిదే ఇవ్వు."

"బంగారు సింహమేగా మాస్టారూ! మీ దొరకి, దొరికేవాటిల్లో అదే దొర!"

బంగారు సింహం అంటే షాపులో అన్నిటికన్నా ఖరీదైన సంచీ. సంచీ మీద సింహం మెరుస్తుంది, అమ్మినప్పుడు ఓనరు మెరుస్తాడు.

మాస్టారి గొంతు తగ్గింది.

"వీడి కళ్ళు నీళ్ళు కారుతున్నాయట, మనవరాలు చెప్పింది. వచ్చే నెల, వీణ్ణి నాకిచ్చిన శిక్షణ సంస్థ వాళ్ళు కంటి పరీక్ష చేస్తారు. తేడా ఉంటే వీణ్ణి పనిలోంచి తీసేస్తారు. నేను మళ్ళీ కుర్చీకి అతుక్కుపోవాలి."

"మందేమీ వెయ్యట్లేదా?"

"ఎందుకు వెయ్యనూ! డాక్టరు నాకిచ్చిన చుక్కలే. నాకు రెండు, వాడికి రెండు."

అరల వెనక భూతద్దం కిందపడ్డ చప్పుడు.

"ఆ చుక్కలు ఆపెయ్యండి!"

గుసగుసే. అయినా దొర చెవులు నిక్కాయి. పిడి పట్టుకుని ఉండగా ఎన్నడూ పక్కకి చూడనిది, అరల వైపు తల తిప్పింది. తోక నేల మీద ఒక్కసారి టప్‌మంది.

"ఎవరమ్మా?"

"కొనడానికి వచ్చినదాన్ని, బాబాయిగారూ. మన చుక్కలు కుక్కలకి వెయ్యకూడదు. కంట్లో పుండుంటే కొన్ని మందులు దాన్ని ఇంకా పెంచుతాయి. ఇవాళే పశువుల డాక్టరుకి చూపించండి, ఆ సీసా కూడా పట్టుకెళ్ళండి. కాచి చల్లార్చిన నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి, ముక్కు వైపు నుంచి బయటికి తుడవండి. ఈ కంటి గుడ్డ ఆ కంటికి వాడద్దు."

"మరి తిండో?"

"బంగారు సింహంలో మొదటి పేరే మొక్కజొన్న. ఆ తర్వాత తీపి, రంగు. కింది అరలో గోధుమరంగు సంచీ ఉంది చూడండి, దాన్లో మొదటి పేరు చేప. పెరిగిన కుక్కకి సంపూర్ణ ఆహారం అని కూడా రాశారు. సగం ధరే. పాతదాన్లో కొంచెం కొంచెం కలుపుతూ వారంలో మార్చండి."

ఓనరుకి సగం ధర అన్న మాట ఒక్కటే వినపడింది.

"ఎదురు షాపువాళ్ళు పంపారా మిమ్మల్ని? అన్నీ తెలిసినావిడ ముందుకొచ్చి దాని కళ్ళు చూడచ్చుగా! కుక్కంటే భయం, కబుర్లు మాత్రం బోలెడు!"

సంచీల సందులోంచి ఆవిడ దొర కళ్ళనే చూస్తోంది. చెయ్యి ముందుకొచ్చింది. ఆగింది. జేబులోకి వెళ్ళిపోయింది.

"నేను ముట్టుకోకూడదండీ."

"ఏం, చేతులు మాసిపోతాయా? ఇంకోసారి నా షాపు గడప తొక్కకండి!"

ఆవిడ దొర ముందు నుంచి కాకుండా, బస్తాలు దింపే వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది.

"నాకెలాగూ సింహం బొమ్మ కనపడదు," అన్నారు మాస్టారు. "ఆ గోధుమరంగుదే ఇవ్వవయ్యా."

నెల తిరిగింది.

"నెగ్గాడయ్యా! మా దొర నెగ్గాడు!"

మాస్టారి కేకకి ఈసారి షాపంతా చప్పట్లు కొట్టింది. దొర కళ్ళు కడిగిన అద్దాల్లా ఉన్నాయి.

"నల్లగుడ్డు మీద పుండట. ఇంకో వారం నా చుక్కలే వేసుంటే కన్ను పోయేదన్నాడు డాక్టరు. ఏదయ్యా ఆ అమ్మాయి? చేతులు పట్టుకుని చెప్పాలి."

నెలరోజులుగా ఓనరు కళ్ళూ గుమ్మం మీదే ఉన్నాయి. ఆవిడ వెళ్ళిన సాయంత్రమే బంగారు సింహం వెనక తనూ చదివి చూశాడు, మొదటి పేరు మొక్కజొన్నే. గోధుమరంగు సంచీ పై అరకెక్కింది. ఆవిడ వదిలేసిన భూతద్దం గల్లాపెట్టె పక్కన దారానికి వేలాడుతోంది. ఎవరొచ్చినా ముందు అది చేతికిచ్చి, "చదివి కొనండి" అంటున్నాడు.

"సరే, ఇది చదువు. సంస్థవాళ్ళు దొర పుట్టుపూర్వోత్తరాలన్నీ ఇచ్చారు. గట్టిగా చదువు, అందరూ వినాలి!"

ఓనరు ఫైలు తెరిచి గొంతు సవరించుకున్నాడు. దొర పుట్టిన రోజు, బరువు, మార్కులు అన్నీ దండోరా వేసినట్టు చదివాడు. మాస్టారు ప్రతి మార్కుకీ ఒక అంగుళం పెరిగారు.

ఆఖరి పేజీలో ఓనరు గొంతు నెమ్మదించింది.

"శిక్షణకు ముందు కుక్కపిల్లను ఇంట్లో పెంచి సంస్థకు అప్పగించినవారు, అది పనిలో ఉన్నంతకాలం దానికి ఎదురుపడరాదు, పిలవరాదు, ముట్టుకోరాదు. పాత ప్రేమ గుర్తొస్తే దారి మీద ధ్యాస తప్పుతుంది..."

"ఆగిపోయావేమయ్యా? కింద ఇంకేముంది?"

కింద ఒక ఫోటో ఉంది: ఒళ్ళో గుప్పెడంత దొర, ఆ దొర నోట్లో ఒక బూడిదరంగు టోపీ, ఆ టోపీ లాక్కోకుండా గర్వంగా నవ్వుతున్న లేబులమ్మ.