చద్దిదా, వేడిదా?

గోడలో జవాబుపెట్టె లేని ఇల్లంటూ లేకుండా పోయిన కాలం అది. ఇంట్లోవాళ్లు రేపు ఏమడుగుతారో ఊహించి, జవాబులన్నీ రాత్రే లెక్కకట్టి దాచేది ఆ పెట్టె. అవి అడగ్గానే వచ్చేవి. జనం వాటిని చద్దివి అనేవారు. అప్పటికప్పుడు లెక్కకట్టించుకుంటే వేడిది. దానికి పన్నెండు నిమిషాలు ఆగాలి.

సోమశేఖరం ఆగలేదు. విజయనగరం బదిలీ కాగితం వచ్చిన ఉదయం, "వకుళ ఒప్పుకుంటుందా?" అని పెట్టెనడిగి, చద్దిదానితో సరిపెట్టుకున్నాడు. ఒప్పుకుంటుందంది. సంతకం పెట్టేశాడు. అదే ఉదయం వీధి చివరి బడిలో అతని భార్య వకుళకి సంగీతం టీచరు ఉద్యోగం ఖాయమైంది. రాత్రి వండి దాచిన జవాబుకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

వారం రోజులుగా ఆమె మాట్లాడటం లేదు.

ఇవాళ మళ్లీ పెట్టె ముందు నిలబడ్డాడు. "వకుళ నాతో వస్తుందా?"

"చద్దిదా, వేడిదా?" అంది పెట్టె.

అతను దాన్ని ఆపేసి వంటింట్లోకి నడిచాడు. "వకుళా, నాతో వస్తావా?"

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ఆమె తలెత్తలేదు. "చద్దిది కావాలా, వేడిది కావాలా?"

"వేడిదే."

"అయితే ఆ పీట వాల్చుకుని కూర్చోండి" అంటూ సగం చిక్కుడుకాయలు అతని ముందుకు తోసింది. "నాకు పన్నెండు నిమిషాలు చాలవు."